ఆరిన్ హ్యాచ్ ఆరోగ్య రికార్డును ఎలా చదవాలి?

మీ ప్రశ్న నాకు ఇలా అర్థమైంది. అమెరికా సెనేటర్ ఆరిన్ హ్యాచ్ మీద పీజీ వ్యాసం రాస్తున్నారు. పేద పిల్లలకు ఆరోగ్య బీమా తెచ్చినవారిలో ఆయన ఒకరు. అధ్యక్షుడు ఒబామా తెచ్చిన ఆరోగ్య బీమా చట్టం ఒబామాకేర్‌ను రద్దు చేయాలని ఏళ్ల తరబడి పట్టుబట్టిందీ ఆయనే. ఈ రెండింటినీ ఒకే మనిషి ఖాతాలో ఎలా రాయాలి, చివరికి ఆయనను ఏమని తేల్చాలి అని అడిగారు.

నేను హైదరాబాద్‌లో జనరిక్ మందుల రెగ్యులేటరీ విభాగంలో చాలాకాలంగా పనిచేస్తున్నాను. మా ఉద్యోగాలన్నిటికీ పునాది వేసిన చట్టం ఆయన పేరుతోనే ఉంది. ఆ కారణంగా ఆయన మిగతా చట్టాలను, ఓట్లను కూడా శ్రద్ధగా గమనిస్తూ వచ్చాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. హ్యాచ్ నిలబెట్టిన మంచి చట్టాల్లో ఎక్కువ భాగం తనతో విభేదించేవారితో కూర్చుని బేరం కుదుర్చుకున్నవి. అలా అడ్డుపడే మనిషి ఎదురుగా లేనప్పుడు, లేదా అవసరం లేదని ఆయన అనుకున్నప్పుడు, పని నాసిగా వచ్చింది. కన్జర్వేటివ్ అన్న ముద్రతో ఆయన రికార్డులో కొంత భాగమే అర్థమవుతుంది.

హ్యాచ్ యూటా రాష్ట్రం నుంచి 1977 జనవరి మొదలు 2019 జనవరి దాకా 42 ఏళ్లు సెనేట్‌లో ఉన్నారు. పుట్టింది 1934లో పెన్సిల్వేనియాలో, పేద కుటుంబంలో. మోర్మన్ మతస్థుడు, గర్భస్రావానికి గట్టి వ్యతిరేకి. 1981 నుంచి 1987 వరకు ఆరోగ్యం, కార్మిక వ్యవహారాలు చూసే కమిటీకి, 2015 నుంచి 2019 వరకు ప్రభుత్వ బీమా పథకాలైన మెడికేర్ (వృద్ధులకు), మెడికెయిడ్ (పేదలకు) నిధులను శాసించే ఫైనాన్స్ కమిటీకి అధ్యక్షుడు. 2022 ఏప్రిల్‌లో కన్నుమూశారు. ఆయన ఏ ఏడాది ఏ కుర్చీలో ఉన్నారన్నది మీ వ్యాసానికి చాలా ముఖ్యం. ఎందుకో చివర్లో తెలుస్తుంది.

ముందు 1984 చట్టం. డెమోక్రాట్ హెన్రీ వ్యాక్స్‌మన్, రిపబ్లికన్ హ్యాచ్ కలిసి తెచ్చారు కాబట్టి అందరూ దాన్ని హ్యాచ్-వ్యాక్స్‌మన్ చట్టం అంటారు. 1962 తర్వాత అమెరికాలో కొత్త మందు భద్రంగా ఉందని మాత్రమే కాదు, పనిచేస్తుందని కూడా నిరూపించాలన్న నియమం వచ్చింది. పేటెంట్ తీరిన మందును తయారు చేయాలన్నా ఆ ఖరీదైన పరీక్షలన్నీ మళ్లీ చేయాల్సి రావడంతో సుమారు 150 మందులకు పేటెంట్ ముగిసినా జనరిక్ పోటీ రాలేదు. మరోవైపు పెద్ద కంపెనీలకూ ఒక బాధ ఉండేది. పేటెంట్ గడియారం ప్రయోగశాలలోనే నడవడం మొదలవుతుంది, అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి వచ్చేసరికి సగం కాలం కరిగిపోతుంది. హ్యాచ్ ఈ రెండు వర్గాలనూ ఒకే గదిలోకి తెచ్చారు. జనరిక్ కంపెనీ తన మాత్ర అసలు మందులాగే రక్తంలో కలుస్తుందని, అంటే బయోఈక్వివలెన్స్ ఉందని చూపిస్తే చాలు. బదులుగా అసలు కంపెనీకి పోగొట్టుకున్న పేటెంట్ కాలంలో గరిష్ఠంగా 5 ఏళ్లు తిరిగి ఇస్తారు. అప్పట్లో అమెరికాలో రాసే ప్రిస్క్రిప్షన్లలో జనరిక్స్ వాటా 19 శాతం. ఇప్పుడు సుమారు 90 శాతం.

హైదరాబాద్‌లో ఫార్మా పాఠం చెప్పేవారెవరైనా 1970 నాటి మన పేటెంట్ల చట్టంతో, బాలానగర్‌లోని ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్‌తో మొదలుపెడతారు. అది సబబే, తయారీ విద్య అక్కడే అబ్బింది. అయితే ఆ విద్యకు అమెరికా తలుపు తెరిచింది 1984 చట్టం. అంజి రెడ్డి గారు డాక్టర్ రెడ్డీస్‌ను ప్రారంభించింది కూడా ఆ సంవత్సరమే. బాచుపల్లిలో, పాశమైలారంలో, జడ్చర్లలో, పైడిభీమవరంలో అమెరికా మార్కెట్ కోసం మందులు చేసే యూనిట్లన్నీ ఆ చట్టం పుట్టించిన ఏఎన్‌డీఏ అనే జనరిక్ అనుమతి దరఖాస్తు మీదనే బతుకుతున్నాయి.

ఆ దరఖాస్తులో ఒక చిన్న ధ్రువపత్రం ఉంటుంది. మేము దాన్ని పారా ఫోర్ అంటాం. ఎఫ్‌డీఏ ప్రచురించే ఆమోదిత మందుల జాబితా ఆరెంజ్ బుక్‌లో ఆ మందుకు నమోదైన ప్రతి పేటెంట్ నంబరునూ వరుసగా రాసి, ఈ పేటెంట్ చెల్లదు, లేదా మా తయారీ దీన్ని ఉల్లంఘించదు అని కంపెనీ సంతకం చేయాలి. చూడటానికి నాలుగు వాక్యాలే. కానీ ఆ సంతకంతో యుద్ధం ప్రకటించినట్టే. పేటెంట్ యజమానికి నోటీసు పంపాలి, వాళ్లు 45 రోజుల్లో దావా వేస్తే ఎఫ్‌డీఏ తుది అనుమతి 30 నెలల దాకా ఆగిపోతుంది. ఇంత సాహసం చేసి ముందుగా దరఖాస్తు పెట్టిన కంపెనీకి ప్రతిఫలంగా 180 రోజులు వేరే జనరిక్ పోటీ ఉండదు. ఆ ఆరు నెలల లాభం కోసం ఒకప్పుడు కంపెనీల మనుషులు రాక్‌విల్‌లోని ఎఫ్‌డీఏ దరఖాస్తుల కార్యాలయం బయట రాత్రుళ్లు కాపు కాసేవారు. అది ప్రమాదకరంగా మారడంతో, మొదటి రోజున దాఖలు చేసినవారందరికీ ఆ హక్కును పంచుతామని 2003లో ఎఫ్‌డీఏ ప్రకటించింది. అంతకు రెండేళ్ల ముందు, 2001 ఆగస్టులో, మానసిక కుంగుబాటు మందు ఫ్లూయాక్సెటీన్ 40 మిల్లీగ్రాముల క్యాప్సూళ్లకు డాక్టర్ రెడ్డీస్ ఈ 180 రోజుల హక్కుతో మార్కెట్లోకి దిగింది. ఒక భారతీయ కంపెనీకి ఆ హక్కు దక్కడం అదే తొలిసారి.

అదే చట్టంలోని రెండో పక్షమైన పేటెంట్ పొడిగింపు పదునును కూడా అదే కంపెనీ చవిచూసింది. రక్తపోటు మందు ఆమ్లోడిపిన్‌ను ఫైజర్ బెసిలేట్ లవణంగా అమ్మేది. డాక్టర్ రెడ్డీస్ మాలియేట్ లవణంగా చేసి, పొడిగించిన పేటెంట్ కాలం బెసిలేట్‌కే వర్తిస్తుందని వాదించింది. న్యూజెర్సీ జిల్లా కోర్టు ఒప్పుకుంది. 2004 ఫిబ్రవరిలో ఫెడరల్ సర్క్యూట్ అప్పీలు కోర్టు కొట్టేసింది. పొడిగింపు ఆమ్లోడిపిన్ అనే అసలు పదార్థానికే, లవణం మార్చినంత మాత్రాన తప్పించుకోలేరని తీర్పు. నాకు ఈ కేసు ఇష్టం. జనరిక్స్‌కు హ్యాచ్ ఇచ్చినదాన్నీ, బదులుగా పెద్ద కంపెనీలకు రాసి ఇచ్చినదాన్నీ ఇంత స్పష్టంగా చూపించే ఉదాహరణ మరొకటి లేదు. హ్యాచ్ పెద్ద ఫార్మా మనిషి అని రాసేవాళ్లు ఉన్నారు. ఆయనకు ఆ పరిశ్రమ నుంచి భారీ విరాళాలు వచ్చిన మాట నిజం. జనరిక్స్‌కు తండ్రి అనేవాళ్లూ ఉన్నారు. రెండు మాటలకూ ఈ ఒక్క చట్టంలోనే ఆధారం ఉంది.

అదే కాలంలో ఆయన చేయి వేసిన మరికొన్నింటిని వేగంగా చెబుతాను. అరుదైన వ్యాధుల మందుల కోసం 1983లో వచ్చిన ఆర్ఫన్ డ్రగ్ చట్టం, అవయవాల అమ్మకాన్ని నిషేధించి జాతీయ కేటాయింపు వ్యవస్థకు దారి వేసిన 1984 నాటి అవయవ మార్పిడి చట్టం, ఎయిడ్స్ రోగుల చికిత్స కోసం డెమోక్రాట్ ఎడ్వర్డ్ కెన్నెడీతో కలిసి 1990లో తెచ్చిన రైయన్ వైట్ చట్టం. ఈ చివరిదానికి సొంత పార్టీలోనే జెస్సీ హెల్మ్స్ వంటివారు అడ్డు నిలిచారు. ఎయిడ్స్‌ను పాపానికి శిక్షగా చాలామంది మాట్లాడుతున్న రోజుల్లో ఒక మోర్మన్ సెనేటర్ ఆ బిల్లు మీద సంతకం చేయడానికి ధైర్యం కావాలి. నేను దాన్ని తక్కువ చేయను. 1990లోనే వచ్చిన రేడియేషన్ పరిహార చట్టం కూడా చూడండి. నెవాడాలో భూమి పైన చేసిన అణు పరీక్షల ధూళి గాలితో పాటు దక్షిణ యూటా ఊళ్ల మీద పడింది. ఆ తర్వాత కొన్ని రకాల క్యాన్సర్లు వచ్చినవారికి 50 వేల డాలర్లు, యురేనియం గని కార్మికులకు లక్ష డాలర్లు ఇస్తూ, దేశం తరఫున కాంగ్రెస్ క్షమాపణ చెబుతున్నదని చట్టంలోనే రాయించారు. ప్రభుత్వం చేసిన హానికి ప్రభుత్వమే లెక్క చెప్పాలన్నది ఆయన వాదం. చిన్న ప్రభుత్వం కావాలనే సిద్ధాంతానికీ దానికీ వైరుధ్యం ఏమీ లేదు.

ఇక మీ ప్రశ్నకు కేంద్రమైన పిల్లల బీమా. మెడికెయిడ్‌కు అర్హత దాటేంత ఆదాయం ఉండి, సొంతంగా బీమా కొనేంత లేని కుటుంబాల పిల్లలు దేశంలో లక్షల్లో ఉండేవారు. యూటాలోని ప్రోవో నుంచి వచ్చి తనను కలిసిన, కష్టపడి పనిచేసుకునే రెండు కుటుంబాలు ఈ విషయంలో తన మనసు మార్చాయని హ్యాచ్ తర్వాత చెబుతూ వచ్చారు. 1997లో ఆయన కెన్నెడీతో కలిసి బిల్లు పెట్టారు. సిగరెట్ ప్యాకెట్ మీద 43 సెంట్ల పన్ను, ఆ డబ్బుతో పిల్లలకు బీమా. సెనేట్‌లో సొంత పార్టీ నాయకుడు ట్రెంట్ లాట్ మండిపడ్డారు. మే నెలలో బడ్జెట్‌కు సవరణగా పెడితే ఓడిపోయింది. ఆ ఓటమిలో క్లింటన్ శ్వేతసౌధం పాత్ర కూడా ఉంది, రిపబ్లికన్లతో కుదిరిన బడ్జెట్ ఒప్పందం చెడుతుందని వాళ్ల భయం. అయినా ఇద్దరూ వదల్లేదు. ఆగస్టు 5న సంతకమైన సమతుల బడ్జెట్ చట్టంలో ఆ పథకం చేరింది. పన్ను మాత్రం రెండు విడతల్లో కలిపి 15 సెంట్లకు తగ్గింది. ఆ పథకాన్నే చిప్ అంటారు.

ఇక్కడే మీరు నిదానించి చదవాలి. కెన్నెడీకి కావాల్సింది ఎక్కువమంది పిల్లలకు కవరేజీ. హ్యాచ్‌కు కావాల్సింది అది హక్కుగా మారకపోవడం. చిప్‌లో ఇద్దరికీ వాటా దక్కింది. మెడికెయిడ్‌లో అర్హత ఉన్న ప్రతివారికీ ఖర్చు ఎంతైనా ప్రభుత్వం భరించాలి. చిప్‌లో కేంద్రం ఇచ్చే డబ్బుకు పైకప్పు ఉంది, పథకం ఎలా నడపాలో రాష్ట్రాలు నిర్ణయిస్తాయి, గడువు తీరినప్పుడల్లా కాంగ్రెస్ మళ్లీ నిధులు ఓటు చేయాలి. ఆ చివరి నియమం ఇరవై ఏళ్ల తర్వాత ఏం చేసిందో చెబుతాను. పొగాకు పన్ను కూడా యాదృచ్ఛికం కాదు. మోర్మన్ మతం పొగాకును నిషేధిస్తుంది, దేశంలో ధూమపానం అతి తక్కువ ఉన్న రాష్ట్రం యూటా. ఆ పన్ను వల్ల ఆయన ఓటర్ల జేబుకు పడే చిల్లు చిన్నది. ఇది ఆయన మంచితనాన్ని తగ్గించదు. అయినా శాసనసభ్యుడి రికార్డు చదివేటప్పుడు బిల్లు ఎవరు కడుతున్నారో చూడటం మానకూడదు.

2007లో చిప్‌ను 5 ఏళ్లలో 3,500 కోట్ల డాలర్ల మేర విస్తరించే బిల్లు వచ్చింది. అధ్యక్షుడు బుష్ దాన్ని వీటో చేస్తే, హ్యాచ్ తన పార్టీ అధ్యక్షుడికి ఎదురు నిలిచి బిల్లు పక్షాన మాట్లాడారు. మరో రెండేళ్లకు, 2009 జనవరిలో, అదే పథకం పునరుద్ధరణకు ఆయన వ్యతిరేకంగా ఓటు వేశారు. చట్టబద్ధంగా వలస వచ్చిన కుటుంబాల పిల్లలకు అయిదేళ్ల నిరీక్షణ తొలగించుకునే వీలును రాష్ట్రాలకు ఇవ్వడం మీద ఆయన అభ్యంతరం. గ్రీన్ కార్డుతో వెళ్లిన మన కుటుంబాల పిల్లలూ ఆ నియమం కిందికే వస్తారు. తాను పుట్టించిన పథకానికే వ్యతిరేక ఓటు వేయడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. 2007లో కుదిరిన ఒప్పందాన్ని కొత్తగా బలం పుంజుకున్న డెమోక్రాట్లు పక్కన పెట్టారన్న ఆయన ఫిర్యాదులో కొంత న్యాయం ఉంది. కానీ ఆ కోపానికి మూల్యం చెల్లించాల్సింది పిల్లలు కాకూడదు.

ఇప్పుడు ఆయన రికార్డులో నన్ను అన్నిటికంటే కలవరపెట్టే చట్టం. 1994లో డెమోక్రాట్ టామ్ హార్కిన్‌తో కలిసి తెచ్చిన ఆహార సప్లిమెంట్ల చట్టం. రెండు పార్టీల వారూ ఉన్నారు కదా, మరి మీరు చెప్పిన బేరం ఇందులో లేదా అని మీరు అడగవచ్చు. పార్టీలు వేరైనా ఈ విషయంలో ఇద్దరిదీ ఒకే మాట. ఇద్దరూ సప్లిమెంట్లను గట్టిగా నమ్మినవాళ్లు. యూటా ఆ పరిశ్రమకు పుట్టిల్లు లాంటిది. మందు అమ్మాలంటే కంపెనీయే ముందు నిరూపించాలి. సప్లిమెంట్ విషయంలో ఈ చట్టం ఆ బరువును తిప్పేసింది. సరుకు అమ్మకానికి వచ్చాక, అది ప్రమాదకరమని ఎఫ్‌డీఏ నిరూపించుకోవాలి. బరువు తగ్గిస్తుందని అమ్మిన ఎఫిడ్రా సంగతి చూడండి. గుండెపోట్లు, పక్షవాతాలు, మరణాల ఫిర్యాదులు ఏళ్ల తరబడి వచ్చాయి. 1997లో ఎఫ్‌డీఏ ఆంక్షలు ప్రతిపాదించి, 2000లో చాలావరకు వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. 2003లో ఒక బేస్‌బాల్ ఆటగాడు చనిపోయి దేశమంతా గగ్గోలు పుట్టాకే నిషేధం వచ్చింది, అది 2004 ఏప్రిల్‌లో అమలైంది. ఆ నిషేధాన్ని కూడా యూటా కంపెనీ ఒకటి కోర్టులో సవాలు చేసింది. 2005లో జిల్లా కోర్టులో గెలిచి, 2006లో అప్పీలులో ఓడింది.

నా వృత్తి రీత్యా ఇది నాకు బాగా గుచ్చుకుంటుంది. మా దగ్గర ఒక మాత్ర కరిగే వేగంలో చిన్న తేడా వస్తే ఆ బ్యాచ్ ఆగిపోతుంది, కారణం తేలేదాకా విచారణ నడుస్తుంది. అదే సరుకు మూలికల పేరుతో సీసాలోకి వెళ్తే అమ్మకానికి ముందు అడిగేవారు లేరు. అమెరికాలో మనవాళ్లు కొనే అశ్వగంధ, పసుపు క్యాప్సూళ్లు చాలావరకు ఈ చట్టం కిందే అమ్ముడవుతున్నాయి. 2006లో దీనికి కొంత మరమ్మతు జరిగింది. తీవ్రమైన దుష్ప్రభావం గురించి ఫిర్యాదు అందితే కంపెనీ 15 పనిదినాల్లో ఎఫ్‌డీఏకు తెలపాలన్న చట్టం. దాన్ని ప్రవేశపెట్టింది కూడా హ్యాచే, ఈ పరిశ్రమను గట్టిగా విమర్శించే డిక్ డర్బిన్ పక్కన ఉండగా. విమర్శకుడు పక్కన ఉన్నప్పుడు ఆయన ఎంత మెరుగ్గా పనిచేశారో చూశారా?

మూల కణాల విషయం మీ వ్యాసంలో తప్పక ఉండాలి. గర్భస్రావాన్ని నిషేధించే వీలు కల్పించేలా రాజ్యాంగాన్నే సవరించాలని 1980ల తొలినాళ్లలో ప్రయత్నించిన మనిషి, పిండ మూల కణాల పరిశోధనకు ప్రభుత్వ నిధులు ఇవ్వాలని 2001లో బుష్‌ను కోరారు. తల్లి గర్భంలోని పిండం వేరు, ఎలాగూ పారేయబోయే ప్రయోగశాల పిండం వేరు అన్నది ఆయన వాదం. 2006లో అందుకోసం వచ్చిన బిల్లు సెనేట్‌లో 63-37తో గెలిచింది, బుష్ వీటో చేశారు. తన విశ్వాసాన్ని వదులుకోకుండా దానిలోపలే దారి వెతికిన ఈ సందర్భం, నా దృష్టిలో, ఆయన మేధకు మంచి సాక్ష్యం.

ఒబామాకేర్ దగ్గర ఆ ఓపిక కనిపించదు. అందరూ బీమా తీసుకోవాల్సిందేనన్న నియమం 1993లో రిపబ్లికన్ జాన్ చాఫీ పెట్టిన బిల్లులోనే ఉంది. దానికి సహ ప్రతిపాదకుల్లో హ్యాచ్ ఒకరు. 2009 నాటికి అదే నియమం రాజ్యాంగ విరుద్ధమని ఆయన వాదించారు. అధ్యక్షుడు క్లింటన్ తేదలచిన ఆరోగ్య బీమా ప్రణాళికను ఆపడానికే 1993 బిల్లుకు మద్దతిచ్చారనుకున్నా, ఆ మద్దతు రికార్డు నుంచి చెరిగిపోదు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. బయోసిమిలర్లకు, అంటే జీవసంబంధ మందుల నకళ్లకు, అనుమతి దారి వేసింది ఒబామాకేర్‌లోని ఒక అధ్యాయమే. కెన్నెడీ, రిపబ్లికన్ సెనేటర్ మైక్ ఎంజీ, హిల్లరీ క్లింటన్‌లతో కలిసి దాని మీద కృషి చేసినవారిలో హ్యాచ్ ఉన్నారు. అసలు కంపెనీకి 12 ఏళ్ల రక్షణ ఉండాలని పట్టుబట్టినవారిలోనూ ఉన్నారు. అంటే ఆయన రద్దు చేయాలన్న చట్టంలో ఆయన బేరమూ ఒకటి ఉంది, హైదరాబాద్ బయోసిమిలర్ కంపెనీలు ఇవాళ ఆ దారిలోనే నడుస్తున్నాయి.

చివరి నాలుగేళ్లలో ఆయన చేతిలో ఫైనాన్స్ కమిటీ ఉంది, పైగా 2017లో శ్వేతసౌధమూ రెండు సభలూ సొంత పార్టీవే. ఒబామాకేర్ రద్దు బిల్లు జులై 28న 49-51తో ఓడింది. డిసెంబరులో ఆయన నడిపించిన పన్నుల చట్టం బీమా లేనివారికి వేసే జరిమానాను సున్నా చేసింది. అదే చట్టం ఆర్ఫన్ మందుల పరీక్షలకిచ్చే పన్ను రాయితీని 50 శాతం నుంచి 25 శాతానికి కోసింది. 1983లో నాటిన మొక్కను ఆయనే సగం నరికారు. ఈలోగా సెప్టెంబరు 30న చిప్ నిధుల గడువు తీరిపోయింది. ఆయన డెమోక్రాట్ రాన్ వైడెన్‌తో కలిసి పొడిగింపు బిల్లు పెట్టిన మాట నిజమే. కానీ అది కమిటీ దాటి ముందుకు కదలలేదు. కొలరాడో, వర్జీనియా వంటి రాష్ట్రాలు మీ పిల్లల బీమా ఆగిపోవచ్చని కుటుంబాలకు ఉత్తరాలు పంపాయి. చిప్‌కు కష్టం రావడానికి కారణం ఇక మన దగ్గర డబ్బు లేకపోవడమేనని ఆయన సెనేట్‌లో అన్నారు. పదేళ్లలో లోటును సుమారు లక్షా 50 వేల కోట్ల డాలర్లు పెంచే పన్ను కోత ఆ డిసెంబరులోనే నెగ్గింది. పిల్లల తల్లిదండ్రులకు ఆ మాట ఎలా వినిపించి ఉంటుందో ఆలోచించండి. చిప్‌ను పదేళ్లకు పొడిగిస్తే ఖజానాకు సుమారు 600 కోట్ల డాలర్లు ఆదా అవుతుందని కాంగ్రెస్ బడ్జెట్ కార్యాలయం జనవరిలో లెక్కగట్టింది. చివరికి 2018 జనవరి 22న ఆరేళ్లకు, ఫిబ్రవరిలో మరో నాలుగేళ్లకు పొడిగింపు వచ్చింది. హక్కుగా కాకుండా గడువుతో పెట్టాలన్న 1997 నాటి షరతు ఆ నాలుగు నెలల భయానికి మూలం.

అదే 2018లో, పదవి వదలబోయే ముందు, డెమోక్రాట్ జో డానెల్లీతో కలిసి ఆయన ఇంకొక బిల్లు గెలిపించారు. ఆత్మహత్యల నివారణకు మూడంకెల ఫోను నంబరు సాధ్యమేమో చూడమని ప్రభుత్వాన్ని ఆదేశించే చట్టం అది. ఆ కసరత్తు నుంచే 988 వచ్చింది, 2022 జులైలో దేశమంతా అమల్లోకి వచ్చింది.

మీ వ్యాసానికి నా సలహా ఇది. చట్టాలను తేదీల వరుసలో పేర్చకండి. ఒక్కొక్క చట్టానికి ఎదుటి పక్షం ఎవరు, వాళ్లు ఏం తీసుకున్నారు, డబ్బు ఎక్కడిది, గడువు ఉందా అన్న నాలుగు అంశాలు రాసుకోండి. ప్రధానంగా 2007, 2009 నాటి చిప్ ఓట్లను పక్కపక్కన పెట్టి, రెండు బిల్లుల పాఠాలనూ సెనేట్‌లో ఆయన ప్రసంగాలనూ మూలంలోనే చదవండి. సారాంశాల మీద ఆధారపడవద్దు. పక్షపాతం లేకుండా రాయాలంటే సప్లిమెంట్ల చట్టానికి, రైయన్ వైట్ చట్టానికి సమానంగా పేజీలు ఇవ్వండి. ఆయన అభిమానులు మొదటిదాన్ని, విమర్శకులు రెండోదాన్ని దాటవేస్తుంటారు. 1984 చట్టంలోని పేటెంట్ పొడిగింపు లెక్క ఎక్కడైనా అర్థం కాకపోతే ఇక్కడే అడగండి, ఒక మందును ఉదాహరణగా తీసుకుని తేదీలతో సహా వేసి చూపిస్తాను.